పిల్లికి నామినీ

"...అసలు పిల్లి కోసం దేశం ఎంచుకున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడైనా ఉన్నాడా అని అడుగుతున్నా, చెప్పు!"

"లేకపోతే నువ్వే మొదటివాడివి. పేరొస్తుంది."

"ఆ పేరు తీసుకెళ్ళి ఏ కొట్లో ఇస్తే సరుకులిస్తారు?"

"నెమ్మదిగా. లోపల పిన్నిగారున్నారు."

లోపల పిన్నిగారున్న మాట నిజమే. వంటింట్లో టీ మరుగుతోంది. ఆవిడ పొయ్యి పక్కన నిలబడి, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ, ముందుగదిలో పడే ప్రతి మాటా వింటోంది. ఇది ఆవిడ అలవాటు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి టీ పెట్టడానికని లోపలికి వస్తుంది. టీ మరిగేలోపు మొగుడూ పెళ్ళాలు అసలు సంగతి బయట పెట్టేసుకుంటారు. ఎదురుగా కూర్చుని గంటసేపు అడిగినా రాని నిజం అలా వస్తుందని ఆవిడ నమ్మకం.

ఆ చుట్టుపక్కల అందరికీ ఆవిడ బీమా పిన్ని. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు. సొంత మరిది ఒకసారి నోరుజారి పిన్నీ అనేసి, చాలాకాలం మొహం చాటేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రాణాలకి బీమా రాస్తోంది. ఆసుపత్రి బీమాలు వేరేవాళ్ళు అమ్ముతారు. ఆవిడ కంపెనీ అమ్మేది ప్రాణం మీదే. ఆవిడకి రెండు నియమాలున్నాయి. ఒకటి, కళ్ళారా చూడకుండా ఎవరికీ పాలసీ రాయదు. ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. లిఫ్టు పెట్టిస్తామని ఇంటివాళ్ళు అన్నప్పుడు వద్దన్నది ఆవిడొక్కతే. మెట్లెక్కేవాళ్ళ ఊపిరి తలుపు వెనక నుంచి వింటుంది. రెండో మలుపు దగ్గర ఆగినవాడిని డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. రెండోది, క్లెయిము డబ్బు ఇవ్వడానికి వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. గడువు తీరిన డబ్బు నేరుగా బ్యాంకుకే పోతుంది. ఆవిడ చేతిమీదుగా వెళ్ళేది పోయినవాళ్ళ డబ్బే. ఆ ఇంట్లో ఏది తీసుకున్నా గొంతు దిగదు.

టీ గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టింది. కుర్చీ అంచున కూర్చున్న మనిషి ఓడల కార్ఖానాలో వెల్డరు. చేతుల నిండా నిప్పురవ్వలు చేసిన చిన్న చిన్న మచ్చలు. అతని భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఇద్దరి పాలసీలూ ఆవిడే రాసింది. పిన్ని మొహానున్న కళ్ళజోడు కూడా ఆ అమ్మాయి చేసిందే.

"చెప్పండి. పిల్లి సంగతేంటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సంగతి ఇది. అతని కంపెనీవాళ్ళు మూడు దేశాల్లో కొత్త కార్ఖానాలు తెరుస్తున్నారు. పనిమంతుడు కాబట్టి ఏ దేశమన్నది అతన్నే ఎంచుకోమన్నారు. నెలాఖరుకి చెప్పాలి. మొదటిదానికి ఎండ ఎక్కువ, జీతం రెట్టింపు. రెండోది చలిదేశం, జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లు. మూడోది ఒక దీవి. అక్కడ జీతం బాగానే ఉంటుంది గానీ అద్దెలు కట్టాక మిగిలేది ఇక్కడ మిగిలేదానికి కాస్త పైన. కళ్ళున్నవాడెవడైనా మొదటిదే అంటాడు. కానీ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లి ఉంది. దాని పేరు సూపర్వైజరు. ఎవరు పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని చూస్తుంది, తను ఒక్క పనీ చెయ్యదు. దానికి షుగరు.

"పిల్లికి షుగరేంటమ్మా?"

"అచ్చం మనుషులకొచ్చినట్టే పిన్నిగారూ. మా మావగారికీ వీడికీ ఒకటే జబ్బు. కాకపోతే మావగారు దొంగతనంగా తీపి తింటారు, వీడు తినడు. పొద్దున్నా సాయంత్రం సూది పడాలి."

"మా అక్క దగ్గర వదిలేద్దామంటే వినదు," అన్నాడు వెల్డరు.

"మీ అక్క కట్టుకున్న మొగుడికే వేళకి మాత్ర ఇవ్వదు."

"చూశారా పిన్నిగారూ, మా అక్క మాటెత్తితే చాలు—"

"ఏ దేశంలో పిల్లికి మంచి బీమా ఉంటే ఆ దేశానికి వెళ్దామంటున్నా," అంది ఆ అమ్మాయి. "తప్పేముంది? పిల్లలకి బడి చూసుకుని ఊరు మారేవాళ్ళు లేరా? ఆ బీమా సంగతి మీరు కనుక్కుని చెప్పండి. మీరేదంటే అదే."

ఇందులో పిన్నికి దమ్మిడీ రాదు. ఆ మాట చెప్పి పంపెయ్యొచ్చు కూడా. కానీ ముప్ఫై ఏళ్ళలో పిల్లి ప్రాణానికి విలువ కట్టమని అడిగినవాళ్ళు లేరు. ఆవిడకి కుతూహలం పుట్టింది. సరేనంది.

ఆవిడ కోడలికి నాలుగైదు భాషలొచ్చు. యంత్రాలతో పాటు వచ్చే వాడుక పుస్తకాలు తర్జుమా చేస్తుంది. వారానికి రెండు రోజులు ఇంట్లోంచే పని. అత్తగారు సంగతి చెప్పగానే కంప్యూటరు మూసేసి మరీ నవ్వింది.

"అత్తయ్యా, మనుషులైపోయారా ఇంక?"

"నీకూ రాశాను, నీ మొగుడికీ రాశాను. ఇంట్లో పిల్లి లేదు గనక సరిపోయింది. ఫోన్ చెయ్యి."

ముందు దీవిదేశంలో పిల్లులకి బీమా ఇచ్చే కంపెనీకి చేశారు. ఫోన్ స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచింది కోడలు. అవతల ఎవరో పడుచుపిల్ల గొంతు. పిన్ని ఎప్పటిలాగే మొదలుపెట్టింది, కోడలు ఆ భాషలోకి మార్చి చెబుతోంది. ఏ వయసు దాకా తీసుకుంటారు? ఎంతైనా తీసుకుంటామంది ఆ పిల్ల, ముసలి జంతువైతే ప్రీమియం పెరుగుతుందనీ, బిల్లులో కొంత వంతు యజమాని పెట్టుకోవాలనీ చెప్పింది. పిన్ని తలూపింది. తర్వాత ఏ ఇంట్లోనైనా ముప్ఫై ఏళ్ళుగా అడిగే రెండో ప్రశ్న అడిగింది.

"నామినీగా ఎవర్ని పెట్టొచ్చు?"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యా! పిల్లికి నామినీ ఏంటి?"

"అడుగమ్మా. అది పోతే డబ్బెవరికిస్తారు?"

కోడలు అడిగింది. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వు ఆపుకుని మెల్లగా ఏదో చెప్పింది. ఈసారి కోడలు నవ్వలేదు.

"ఏమంటుంది?"

"పిల్లి పోతే దాదాపు ఏమీ రాదట అత్తయ్యా. పిల్లి బతికున్నన్నాళ్ళే మా పని, అంటోంది. దాన్ని బతికించడానికయ్యే ఖర్చు ఇస్తాం, చావుకి కాదు, అంటోంది."

పిన్ని ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని మెట్లెక్కింది, ఎన్ని ఇళ్ళలో స్టూలు అంచున కూర్చుంది! క్లెయిము డబ్బు కవరు అందుకునేవాళ్ళ కళ్ళలోకి ఒక్కసారి కూడా సూటిగా చూడలేకపోయింది. ఎక్కడో సముద్రం మధ్య ఒక ఆఫీసులో, తన కోడలి వయసైనా లేని పిల్ల, పొద్దున లేచి, తల దువ్వుకుని, పిల్లులు చావకుండా చూసే బీమా పని మీద కూర్చుంటోంది.

"ఇంకా ఏమేం ఇస్తారో మొత్తం పంపమను," అంది. "ఒక్క అక్షరం వదలకుండా."

మూడు దేశాల కాగితాలూ వచ్చాయి. కోడలు ఒక్కొక్క పేజీ చదివి చెబుతుంటే పిన్ని బల్లమీద మోచేతులానించి, కథ వినే పిల్లలా వింది. కూరలో ఉప్పెయ్యడం మరిచిపోయింది. అది మరిచిపోయిన సంగతి తినేవాళ్ళు చెప్పినా పట్టించుకోలేదు.

చలిదేశంలో కుక్కలన్నిటికీ, పిల్లుల్లో సగానికీ బీమా ఉందట. గుర్రాలకీ, కుందేళ్ళకీ కూడా. జంతువుల ఆసుపత్రిలో మెట్టు ఎక్కగానే పేరు కంటే ముందు పాలసీ నంబరు అడుగుతారు. బిల్లు ఆసుపత్రి, కంపెనీ తేల్చుకుంటాయి, యజమాని తన వంతు పెట్టి పిల్లిని చంకనేసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. ఎండదేశంలో బీమా కొత్త. రోగాలకివ్వరు, ప్రమాదాలకే. అందులో బాల్కనీల మీంచి పడే పిల్లుల కోసం విడిగా ఒక అధ్యాయం ఉంది. ఎన్నో అంతస్తు నుంచి పడితే ఏమేం చూడాలో కూడా రాశారు. దీవిదేశంలో పన్ను పుచ్చితే ఇస్తారు. పిల్లి తప్పిపోతే గోడలకి అంటించే కాగితాల ఖర్చిస్తారు. దొంగతనంగా పక్కింట్లో దూరి గాజుసామాను పగలగొడితే పక్కింటివాళ్ళకీ ఇస్తారు.

"ఇదెవరు రాసుంటారే?" అంది పిన్ని.

"ఏది?"

"గోడలకి కాగితాలంటించే ఖర్చు. ఒక మనిషి కుర్చీలో కూర్చుని, పిల్లి పోయినవాడు ఏం చేస్తాడు, ముందు వీధంతా తిరుగుతాడు, తర్వాత కాగితం అంటిస్తాడు, దానికి డబ్బవుతుంది కదా అని ఆలోచించాడంటే..." మాట పూర్తి చెయ్యలేదు. మనుషుల పాలసీల్లో ఆవిడ అంత దూరం ఆలోచించినవాళ్ళని చూడలేదు.

ధరల దగ్గర మొదట తికమకపడ్డారు. కోడలు ఆ డబ్బుల్ని ఇక్కడి డబ్బుల్లోకి మారిస్తే దీవిదేశం ప్రీమియం చూసి గుండె గుభేలుమంది. పిన్ని ఒప్పుకోలేదు. "అక్కడ సంపాదించి అక్కడ కట్టేదానికి ఇక్కడి తక్కెడెందుకు? ఆ దేశంలో వెల్డరు ఎన్నిరోజులు పని చేస్తే అంత వస్తుందో చెప్పు," అంది. అలా చూస్తే లెక్క తేటపడింది. ఎండదేశంలో నెలకి పూట జీతం కడితే చాలు. చలిదేశంలో ఒక రోజు జీతం. దీవిదేశంలో మూడు రోజులది, అదీ ఏటేటా పెరుగుతుంది. అయితే బీమా లేకుండా కాలు విరిగిన పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎండదేశంలో రెండు వారాల కష్టంతో బయటపడొచ్చు, దీవిదేశంలో రెండు నెలలది పోతుంది. మందు ఖరీదైన చోటే బీమా ఖరీదు. చవగ్గా ఉన్నచోట కొనేవాడూ లేడు, ఇచ్చేదీ లేదు.

వయసు దగ్గర రెండు దేశాలు రాలిపోయాయి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లిని ఎండదేశం గుమ్మంలోకే రానివ్వదు. చలిదేశం తీసుకుంటుంది గానీ ప్రమాదాలకే, రోగాలకి కాదు. తొమ్మిదేళ్ళ సూపర్వైజరుని రోగాలతో సహా చేర్చుకునేది దీవిదేశం ఒక్కటే.

"హమ్మయ్య," అంది కోడలు.

"ఆగు. తోక చదువు."

ఏ పాలసీకైనా అసలు సంగతి చివరి పేజీలో ఉంటుందని పిన్నికి తెలుసు. ఉంది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకి ఏమీ ఇవ్వరు. ఆ ముక్క మూడు దేశాల్లోనూ ఉంది, మాటలే వేరు. అన్ని భాషల్లో చూసినా అర్థం ఒకటే. కాలుతున్న కొంపకి బీమా ఎవడూ రాయడు. ఆ ముక్క పిన్ని ఎన్నో ఇళ్ళలో ఎందరికో చెప్పింది. అయినా పిల్లులకోసం ఇంతింత ఆలోచించినవాళ్ళు ఆ ఒక్కటీ వదిలేసి ఉంటారని మనసులో ఎక్కడో అనుకుంది కాబోలు, ఆ ముక్క మరోసారి చదివించుకుంది.

ఫోన్‌లో ఆ సంగతి చెప్పినప్పుడు వెల్డరు భార్య గొంతు తగ్గించింది. "పిన్నిగారూ, షుగరు అక్కడికి వెళ్ళాకే వచ్చిందని రాస్తే?"

"దాచిన రోగం దాక్కుని ఊరుకోదమ్మా. కట్టినన్నాళ్ళూ ఎవరూ అడగరు. డబ్బు కావలసిన రోజునే అడుగుతారు. ఆ పని మాత్రం నాతో చేయించకు."

"మరెలా?"

"ముందు పిల్లిని చూడాలి. చూడకుండా ఏ మాటా చెప్పను."

"మీ మెట్లెక్కించమంటారా?"

"వద్దులే. నేనే వస్తా."

మర్నాడు సాయంత్రం పొద్దు ఉండగానే వెళ్ళింది. రేవుకి దగ్గర్లో కింది అంతస్తులో రెండు గదులు. గుమ్మం పక్కన మేకుకి వెల్డింగు ముసుగు వేలాడుతోంది. కిటికీ గట్టుమీద చీలిన అద్దాలు వరసగా పెట్టి ఉన్నాయి, ఎండ పడితే గోడమీద రంగులు కదులుతున్నాయి. ఆ రంగుల కింద బూడిదరంగు పిల్లి ఒకటి ముందుకాళ్ళు మడుచుకుని కూర్చుని పిన్నిని పైనుంచి కిందిదాకా చూసింది. పాలసీకి పనికొస్తావా లేదా అన్నట్టు చూసింది.

పిన్ని చాపమీద కూర్చుని దాని డొక్క కదలడం గమనించింది. ఊపిరి తేలిగ్గా ఉంది.

"టైమైంది," అన్నాడు వెల్డరు.

ఆ మాట భార్యతో అన్నాడనుకుంది పిన్ని. కానీ ఆ అమ్మాయి లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. వెల్డరే చేతులు కడుక్కుని, ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీసి, అరచేతుల మధ్య దొర్లించాడు. గట్టిగా కుదపకూడదట. వెంట్రుకంత సన్నని సూదిలోకి మందు లాగాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, గీత చూసుకున్నాడు. గోరుతో కొట్టి బుడగ తీసేశాడు. ఒక గిన్నెలో తిండి పెట్టి కింద కూర్చున్నాడు. పిల్లి వచ్చి తినడం మొదలుపెట్టింది.

ఇనుప రేకుల్ని అతికించే వేళ్ళు అవి. చూపుడువేలు మీద తోలు కాలి కాలి కొమ్ములా గట్టిపడింది. ఆ వేళ్ళతో పిల్లి మెడ వెనక చర్మాన్ని ఎత్తిపట్టాడు, పువ్వు తొడిమ పట్టుకున్నంత మెల్లగా. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో పిన్నికి తెలియలేదు. ఆవిడకే కాదు, పిల్లికీ తెలిసినట్టు లేదు. నమలడం ఆపలేదు.

"అయిపోయింది నాన్నా, అయిపోయింది," అన్నాడు అతను, గుసగుసగా. పిన్ని ఎదురుగా ఉందన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఏడాదిగా ఇలా పూటపూటకీ. దీని కోసం షిఫ్టు కూడా మార్చుకున్నాడని తర్వాత తెలిసింది. తన గదిలో కూర్చుని, పిల్లి కోసం దేశం ఎంచుకున్నవాడు ఈ భూమ్మీద ఉన్నాడా అని అరిచిన మనిషి ఇతనే.

"నువ్వు వెయ్యవా అమ్మాయ్?"

"మొదటిసారి ప్రయత్నించా పిన్నిగారూ. కళ్ళు తిరిగి పడ్డాను. ఆయన నన్ను లేపుతాడా, పిల్లికి వేస్తాడా? దానికే ముందు వేశాడు."

"నువ్వు ఊపిరి తీసుకుంటూనే ఉన్నావుగా," అన్నాడు వెల్డరు.

నవ్వులయ్యాక పిన్ని కాగితాలు తీసి ఉన్నదున్నట్టు చెప్పింది. దీవిదేశం ఒక్కటే పిల్లిని రోగాలతో సహా తీసుకుంటుంది. షుగరుకి ఎక్కడా ఇవ్వరు. ఆ ఖర్చు ఏ దేశంలోనైనా మీదే. ఎండదేశం జీతంతో ఆ మందు తేలిగ్గా కొనుక్కోవచ్చు. "కాబట్టి బీమా ఒక్కటీ చూసి దేశం ఎంచుకోకండి," అంది. "ఇంత చెప్పానుగా, దీవిదేశంవాళ్ళు ఇంకేమేం ఇస్తారో కూడా వినండి, వింటానికి బాగుంటుంది." గోడల కాగితాల సంగతి చదివింది. పక్కింటి గాజుసామాను సంగతి చదివింది. ఆ అమ్మాయి నవ్వింది. వెల్డరు సూదిని పాత డబ్బాలో వేసి మూత బిగిస్తున్నాడు.

"యజమాని ఆసుపత్రిలో పడితే," అని చదివింది పిన్ని, "జంతువుని ఉంచుకుని వేళకి తిండీ మందూ ఇచ్చే చోట చేర్చి, ఆ ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది."

డబ్బా మూత తిరగడం ఆగింది.

"అది మళ్ళీ చదవండి," అన్నాడు.

ఆ అమ్మాయి మొగుడి వైపు చూసింది. "ఎందుకు?"

"చదవనీ."

"ఎందుకని అడుగుతున్నా."

అతను డబ్బా కింద పెట్టాడు. "ఎత్తు మీద పని నాది. ఇక్కడ నాకేదన్నా అయితే మా అక్క పక్కింట్లో పశువుల డాక్టరున్నాడు, వీడికి సూదేస్తాడు. అక్కడెవడున్నాడు? నువ్వా?" డబ్బాని గోడవారకి నెట్టి, "అందుకే అక్క దగ్గర వదిలేద్దామన్నా," అన్నాడు.

పిల్లి గిన్నె అడుగు నాకుతోంది. పిన్నికి తను ఇన్నేళ్ళూ కూర్చున్న ఇళ్ళూ స్టూళ్ళూ గుర్తొచ్చాయి. పాలసీ మీద సంతకం పెడుతూ, తను పోయాక ఎవరు ఏమవుతారో ఆలోచించిన మగవాళ్ళని ఎందరినో చూసింది. అందరూ పెళ్ళాం గురించో పిల్లల గురించో అడిగేవాళ్ళు. పిల్లికి సూది పూట తప్పుతుందేమోనని రెట్టింపు జీతం ముందర భయపడిన మనిషిని ఇప్పుడే చూస్తోంది. కాగితాన్ని వెలుతురు వైపు జరుపుకుంది. ఆవిడ తోక వదిలి చదివే మనిషి కాదు.

"యజమాని ఆసుపత్రిలో పడి, నాలుగు రోజులు దాటితే," అని చదివింది. "అయిదో రోజు నుంచి ఇస్తారు."

వెల్డరు నవ్వాడు, అందులో నవ్వు లేదు. "నాలుగు రోజులు సూది లేకపోతే అయిదో రోజు చేర్చడానికి ఏం మిగుల్తుంది?"

ఇలా కంపెనీలు లెక్కలోంచి వదిలేసే రోజులకి పూచీ ఎవరిదో ముప్ఫై ఏళ్ళలో పిన్ని ఎవరికీ చెప్పలేకపోయింది. కాగితాలు మడిచింది.

కిటికీ దగ్గరున్న అమ్మాయి వచ్చి చాపమీద, పిల్లికి అవతలి పక్కన కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. చెయ్యి చాపి, మొగుడు పట్టుకున్నచోటే, పిల్లి మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. వదల్లేదు. పిల్లి తలెత్తి ఆ అమ్మాయిని చూసి, మళ్ళీ గిన్నెలోకి వంగింది.

"ఆ నాలుగు రోజులూ నేను వేస్తాను," అంది. "దీవిదేశానికి వస్తున్నామని రేపు చెప్పెయ్."